మోకాలి దగ్గర సీటు

"నీ భటుడు పడిపోతడమ్మా" అని నా కొడుకు అన్నప్పుడే నాకు మొదటిసారి భయమేసింది. మే నెల సాయంత్రం. వనపర్తిలో మేముండే అద్దె ఇంటి డాబా కాలు పెట్టలేనంత వేడిగా ఉంటే బకెట్‌తో నీళ్లు చల్లుతున్నాను. వాడు నీళ్ల ట్యాంకు నీడలో గొంతుక్కూర్చుని, రెండు పిడికిళ్లూ ముందుకు చాపి, లేని లివర్లను ఒకదాని తర్వాత ఒకటి లాగుతున్నాడు.

"ఎందుకు పడ్తడురా?" అన్నాను.

"ఒక్కడే ఉన్నడు గద. కింద ఎవరు చూస్తరు?"

నా వైపు చూడకుండానే అన్నాడు. వాడికి ఆరేళ్లు. ఆ మాటలోని నమ్మకం వాడిది కాదు. నేను కట్టిన లోకంలోకి నన్ను అడగకుండా ఎవరో వచ్చి, నా కొడుకు పక్కన కూర్చుని, నా భటుడిలో తప్పు చూపించి వెళ్లారు. అది ఎవరో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మెట్ల కింద నుంచి మా మరిది భార్య, మా యారాలి నవ్వు వినబడుతూనే ఉంది.

ఆ లోకం గురించి ముందు చెప్పాలి. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చునే కొడుకు కోసం రెండేళ్ల కిందట దాన్ని మొదలుపెట్టాను. నేను గద్వాలలో డిగ్రీ చదివాను. చరిత్ర చెప్పే మేడమ్ ఒకసారి తరగతిలో, జరిగినదాంట్లో ఒక్క సంగతి మార్చి, ఆ తర్వాతవన్నీ ఎట్లా మారతాయో రాసుకు రమ్మన్నారు. అప్పుడు రాయలేదు. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టి, టీచరు పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాక, అట్ట పుస్తకం ఒకటి కొనుక్కుని రాత్రిళ్లు రాయడం మొదలుపెట్టాను.

నేను మార్చిన సంగతి ఒకటే. సంస్థానాల నాటి కరువులో మన ఊళ్ల జనం పార, గంప పట్టుకుని మేస్త్రీ వెనక ఎక్కడెక్కడి కాలువలు తవ్వడానికో వెళ్లారు. నా పుస్తకంలో వెళ్లలేదు. ఆ ఏడు గద్వాలలో ఒక కమ్మరి, పక్క వీధిలోని గుంటమగ్గాన్ని రోజూ చూసి చూసి, కోట గుమ్మమంత ఎత్తు ఉక్కు భటుణ్ణి చేశాడు. నడిపే మనిషి దాని ఛాతీలో, మగ్గం గుంటలో కూర్చున్నట్టే కూర్చుంటాడు. కాళ్ల కింద తొక్కుడు చెక్కలు, చేతుల్లో తాళ్లు. ఎడమ చెక్క తొక్కితే ఎడమ కాలు లేస్తుంది. భుజమూ మొండెమూ కలిసే చోట, గద్వాల చీరలో పట్టు అంచును నూలుకు కలిపినట్టు ఉక్కు తీగలతో కుట్టు. లోపల మండేది ఆముదం.

దాంతో మిగతావన్నీ మారాయి. ఆముదం పండే ఎర్ర చెలకలకు విలువ వచ్చింది. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాలు కలిసి భటుల దండు కట్టాయి. కృష్ణకు ఆనకట్ట ముందు మన దగ్గరే లేచింది. నా పుస్తకంలోని ఇప్పటి వనపర్తి బస్టాండులో, పని ముగించిన భటులు వరసగా మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. వాటి భుజాల మీద కాకులు గూళ్లు కడతాయి. పని కోసం పూనా నుంచీ బొంబాయి నుంచీ మనుషులు మన ఊళ్లకు వస్తారు. అన్నిటికంటే ముఖ్యం, అక్కడ ఎవరూ పిల్లల్ని అవ్వల దగ్గర వదిలి వెళ్లరు.

మా ఆయన అట్లా అవ్వ దగ్గర పెరిగినవాడే. గోపాల్‌పేట దగ్గరి ఊరు వాళ్లది. తల్లీదండ్రీ మట్టిపనికి పోయి వానల ముందు వచ్చేవాళ్లు. ఇప్పటికీ మా అత్త మా ఇంటికి వస్తే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, తనకేదో పనున్నట్టు బయటికి వెళ్లిపోతాడు. అది చూసినప్పుడల్లా నా పిల్లల్ని దగ్గరికి పిలుచుకుంటాను. నాది పిరికి ప్రాణం. ట్యాంకు మూత రోజుకు నాలుగుసార్లు చూసుకుంటాను. బడి ఆటో ఐదు నిమిషాలు ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడతాను. పిల్లలు నా చేతిలోంచి జారిపోతారన్న భయం నాకు ఏ కారణమూ లేకుండానే ఉంది. కథ చెప్పే ఆ గంట మాత్రం ఉండేది కాదు. ఇద్దరూ నోళ్లు తెరుచుకుని నన్నే చూస్తుండేవాళ్లు.

మా మరిది మట్టి తవ్వే పొక్లెయిన్ నడుపుతాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ భార్యను వెంటబెట్టుకునే సైటు సైటూ తిరిగాడు. ఈసారి రాయచూరు వైపు దొరికిన పనిలో ఆడవాళ్లు ఉండడానికి వసతి లేదని, ఉగాది తర్వాత ఆమెను మా దగ్గర దింపి వెళ్లాడు. ఆమె పదో తరగతి తప్పింది. నాకంటే నాలుగేళ్లు చిన్న. వాళ్ల ఐదేళ్ల కూతురు, ఏడాది పిల్లగా ఉన్నప్పటి నుంచీ బల్మూర్‌లో అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. జూన్‌లో బడులు తెరిచేలోపు ఆ పిల్లను ఇక్కడికి తెచ్చుకుని చేర్పించాలని మా యారాలి ఆశ. పిల్ల రానంటోంది. రోజూ చీకటి పడే వేళకు ఈమె వీడియో కాల్ చేస్తే, అమ్మమ్మ కొంగు వెనక నుంచి ఒక కన్ను చూపించి పారిపోయేది. ఈమె ఫోన్ పెట్టేసి, నవ్వి, "మొండి ముండ, నా తీరే" అనేది.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి జాలిపడ్డాను కూడా. నా కథ జోలికి వచ్చేదాకా.

ఆ సాయంత్రమే డాబా దిగి అడిగాను. ఆమె వాకిట్లో పల్లికాయ ఒలుస్తోంది. నాకంటే ముందే దిగిపోయిన కొడుకూ, కూతురూ చెరోవైపు ఆమెను ఆనుకుని కూర్చున్నారు.

"నా కథ పిల్లలకు నువ్వు చెప్తున్నవంట?"

"నేనేం చెప్తినక్కా! బండి ఎనుకకు ఎట్ల వస్తదని బాబు అడిగిండు. ఎనుక మనిషి నిలబడంది బండి వస్తదా, నువ్వే చెప్పు. మీ మరిది కట్ట మీద పని చేస్తుంటే నేనే నిలబడేదాన్ని. బొక్కెన అడ్డమొచ్చి ఆయనకు కింద కనబడదు. తప్పు పోతుండంటే అద్దానికి రాయి ఇసిరేదాన్ని."

"అది బండి కాదు. ఉక్కు భటుడు."

"ఏదైతేంది, డీజిల్ తాగుతది గద."

"డీజిల్ కాదు, ఆముదం."

ఆమె ఒలిచే చేయి ఆపి నన్ను చూసింది. "ఆముదం తాగితే పనికి ఎట్ల పోతదక్కా? చెంబు పట్టుకొని పోతది."

నా కొడుకు నేల మీద పడి దొర్లాడు. నా కూతురికి తొమ్మిదేళ్లు, నా ముందు నవ్వకూడదని పెదవులు బిగించి, ఆపుకోలేక పల్లికాయల చేటలో ముఖం పెట్టింది. రెండేళ్లలో నా కథకు వాళ్లు అట్లా ఎప్పుడూ నవ్వలేదు. నేను కూడా నవ్వాను, పళ్లు బిగించి.

తర్వాత తెలిసింది, ఆమె అప్పటికే భటుడి మోకాలి దగ్గర ఒక సీటు పెట్టేసిందని. ఇనుప తలుపు, చిన్న కిటికీ, కూర్చోవడానికి ఒక పీట. ఛాతీలో ఉన్నవాడు దూరం చూస్తాడు. మోకాలి దగ్గర కూర్చున్నామె నేలను చూస్తుంది. చెలక అయితే అడుగు గట్టిగా వేయమంటుంది, రేగడి అయితే ఆగమంటుంది, తాడు ఒకసారి లాగితే పద, రెండుసార్లు లాగితే ఆగు. "మేస్త్రీ పనికి తీసుకపోతే జోడీనే తీసుకపోతడు. ఒంటి మనిషిని ఎవరు తీసుకపోతరు? ఒకరు తవ్వాలె, ఒకరు ఎత్తాలె. ఒక్కడే ఉన్న బండి నేనేడ చూడలే" అని పిల్లలకు చెప్పిందట.

నాకు అది తట్టలేదు. మా అవ్వా తాతా కూడా జోడీగానే మట్టిపనికి వెళ్లినవాళ్లు. మా నాన్నకు అటెండరు ఉద్యోగం రావడంతో ఆ పని మా ఇంటి నుంచి పోయింది, దాంతో పాటు ఆ లెక్క కూడా నా బుర్రలోంచి పోయింది. అంత దాకా ఎందుకు, గద్వాలలో మా పక్కింటి మగ్గం దగ్గర భర్త నేస్తుంటే భార్య పొద్దంతా నూలు కండెలు చుడుతూ ఉండేది. నేను మగ్గాన్ని తెచ్చి భటుడి ఛాతీలో పెట్టాను గానీ, కండెలు చుట్టే ఆమెను అక్కడే వదిలేసి వచ్చాను. సీటును మా యారాలు పెట్టింది సరైన చోటే. అదే నాకు మంట. తప్పుడు చోట పెట్టి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

ఇంకా లోపలి మాట చెప్పాలంటే, నా కథకు కావలసిన బతుకు ఆమె బతికింది. నేను పుస్తకాలు తిరగేసి, బస్సు కిటికీలోంచి కాలువ గట్లు చూసి రాసుకున్నదాన్ని ఆమె నెత్తిన మోసింది. పల్లికాయ ఒలుస్తూ రెండు మాటల్లో చెప్పేసింది. రాత్రిళ్లు నిద్రమానుకుని రాసింది నేను, పిల్లలు వెంటపడేది ఆమెను.

నా కొడుకు అన్నం ఇప్పుడు ఆమె చేతిదే తినేవాడు. నేను కథ మొదలుపెడితే, "ఆగమ్మా, చిన్నమ్మ రానీ" అనేవాడు. మా ఆయనకు చెప్పాను. షర్టు విప్పుకుంటూ, "ఇనుప బొమ్మల కాడ కొట్లాట ఏందే? పిల్లలు తింటుండ్రు గద, సాలదా" అన్నాడు. ఆయనతో ఇంకేం చెప్పను.

కూతురు వేసిన బొమ్మతో నా ఓర్పు అయిపోయింది. ఆ అట్ట పుస్తకంలో బొమ్మలన్నీ తనే వేసేది. మొదట్లో ఛాతీలో కూర్చున్న మనిషికి నా కళ్లద్దాలు పెట్టేది. అడిగితే, "ఊరికే" అనేది. ఆ వారం పేజీ తిప్పితే కొత్త భటుడు కనబడ్డాడు. మోకాలి కిటికీలో ఒకామె, కొంగు నడుముకు చుట్టి, తాడు పట్టుకుని ఉంది. ఎడమ ముక్కుకు మా యారాలి ముక్కుపుల్ల. పక్కనే చిన్న పీట మీద రెండు జడల పిల్ల కూడా ఉంది. ఛాతీలో ఉన్న మనిషి చిన్న గుండ్రం గీత. కళ్లద్దాలు లేవు. కళ్లే లేవు.

ఆ రాత్రి నేను మోకాలి దగ్గరున్న ఆమెను చంపేశాను.

రెండు పేజీలు పట్టింది. గద్వాల దాటాక తుంగభద్ర ఒడ్డున, వాన కురిసిన మర్నాడు, భటుడు నల్లరేగడిలో కాలు పెట్టాడు. ఆమె తాడు రెండుసార్లు లాగేలోపే కాలు తొడదాకా దిగింది. కిటికీలోంచి బురద వచ్చింది. తలుపు తెరుచుకోలేదు. అక్కడ కొట్టివేతలు కూడా లేవు. పుస్తకం మొత్తంలో అంత బాగా నేను ఎక్కడా రాయలేదని సిగ్గు లేకుండా అనుకుని పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం, మా యారాలు బజారుకు పోయినప్పుడు చూసి, పిల్లలకు అన్నం కలిపి, కథ చెప్పాను. చదివినట్టే చెప్పాను, ఒక్క మాట మార్చకుండా. కొడుకు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. కూతురు కంచం పక్కకు జరిపి, "మరి కింద ఎవరు చూస్తరు?" అంది.

"ఎవరూ చూడరు. ముందుగాల ఒక్కడే నడిచిండు. ఇప్పుడు కూడ నడుస్తడు."

"పీట మీది పిల్ల?"

ఆ పిల్ల సంగతి నేను ఆలోచించలేదు. "అన్నం తిను" అన్నాను.

సరిగ్గా అప్పుడే మా యారాలు వచ్చింది. సంచీ ఇంకా దింపకుండానే ఫోన్ మోగింది. బల్మూర్ నుంచి. ఇంతకుముందు ఎప్పుడూ ఈమే చేసేది. ఆమె చెమట చేయి కొంగుకు తుడుచుకునేలోపు నా కొడుకు ఫోన్ అందుకున్నాడు. తెరలో ఆ పిల్ల ముఖం నిండుగా కనబడింది, కొంగు వెనక కాదు, ఎదురుగా, చాప మీద బాసింపట్టు వేసుకుని.

"మోకాలి కాడ ఆమె సచ్చిపోయింది" అన్నాడు నా కొడుకు. "బురదల మునిగింది. ఇగ రాదు."

ఆ పిల్ల కాసేపు వాణ్ణే చూసింది. తర్వాత తెరలో గోడా కాలెండరూ మిగిలాయి. వెనక నుంచి అమ్మమ్మ గొంతు. "ఏమాయెనే? ఏం చెప్పిన్రు పిల్లకు? రోజూ ఫోన్ ఫోన్ అని నా పానం తీస్తుండె, ఇప్పుడు లోపలికి పోయి గోడ దిక్కు తిరిగి పండుకుంది."

నాకు అప్పటిదాకా తెలియదు. నేను వంటింట్లో ఉన్నప్పుడు మా యారాలు ఆ సీటు కథను ఫోన్లో తన కూతురికి చెబుతూ వచ్చిందట. రోజుకు కొంచెం. పీట మీద రెండు జడల పిల్లను పెట్టింది దాని కోసమే. దాంతో ఆ పిల్ల మొదట ఒక కన్ను, తర్వాత రెండు కళ్లు, తర్వాత ముఖం చూపించింది. ఇవాళ తనే ఫోన్ చేయించింది.

యారాలు సంచీ దింపింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. నా కూతురి దగ్గర అంతా విని, గడపలో కూర్చుంది.

"చంపితే చంపినవ్ గని అక్కా, జర తెలుసుకొని చంపకపోయినవ్."

"ఏంది?"

"రేగడిల కాలు దిగితే బండి ముందుకు ఒరుగుతది. ముందుగాల కింద పడేది పైన కూసున్నోడు. గంత ఎత్తు మీద నుంచి పడితే ఏమన్న మిగుల్తడా? మోకాలి కాడ ఆమెకు నేల ఎంత దూరం? తలుపు తీసుకొని నడుసుకుంట వస్తది. నువ్వు సదువుకున్నదానివి, గింత తెల్వదా?"

నేను అన్నం గిన్నె మీద మూత పెట్టాను.

"నన్ను నువ్వు ఏమన్న అను. నీ ఇంట్ల తింటున్న, పడ్త. నా బిడ్డకు ఇప్పుడు నేనేం చెప్పాలె? దానికి నేను తెల్వదు, గా కథనే తెలుసు. కథల అమ్మ సచ్చిపోతే అది ఎవరి కాడికి వస్తది?"

అని లేచి, నల్లా దగ్గర ముఖం కడుక్కుని, నా పిల్లలు వదిలేసిన కంచాలు కూడా కడిగింది. నేను వద్దనలేకపోయాను.

పిల్లలు పడుకున్నాక పుస్తకం ముందేసుకున్నాను. మొదట చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆమె చెప్పింది తప్పని నిరూపించాలని చూశాను. కాలు దిగినా భటుడు ఒరగకుండా ఉండాలంటే ఏం కావాలో మూడు రకాలుగా గీశాను. వెనక బరువు పెట్టాను. చేతికి ఊతకర్ర ఇచ్చాను. అగ్గిపెట్టెను నిలబెట్టి, ఒక అంచు తడి గోధుమపిండిలో గుచ్చి చూశాను. మూడుసార్లూ ముందుకే పడింది. పైన కూర్చున్నది నేనే అయితే, మూడుసార్లూ పోయేదాన్ని నేనే.

ఆ రెండు పేజీలూ చింపలేదు. అడ్డంగా ఒక గీత కొట్టి ఉంచాను. ఎవరూ పిల్లల్ని వదిలి వెళ్లక్కర్లేని లోకం కడతానని కూర్చుని, ఒక పిల్ల దగ్గరి నుంచి తల్లిని తీసేశాను. అది కూడా నిజంగా వదిలి వెళ్లి, ఇప్పుడు వెనక్కి రావడానికి దారి వెతుక్కుంటున్న తల్లిని. ఇంత తెలిశాక కూడా, ఆ ముక్కుపుల్ల బొమ్మ చూస్తే నాకు మళ్లీ అదే మంట. పోతుందని ఎదురుచూసి, పోకపోవడంతో దీపం ఆర్పాను.

పొద్దున పిల్లలు పళ్లు తోముకుని వచ్చేసరికి వాకిట్లో కూర్చుని ఉన్నాను. ఇద్దర్నీ ముందు కూర్చోబెట్టుకున్నాను. మా యారాలు పొయ్యి దగ్గర ఉంది, వింటోందని తెలుసు.

"మోకాలి కాడ ఆమె సావలేదు" అన్నాను. "నేను తప్పు రాసిన. తెలిసే రాసిన, కోపంతోని."

"ఎవరి మీద కోపం?" అంది కూతురు.

"చిన్నమ్మ మీద. మీరు నా కథ ఇడిచిపెట్టి ఆమె కథ ఇంటున్నరని."

వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమ్మకు అట్లాంటి కోపం వస్తుందని వాళ్లకు అప్పటిదాకా తెలియదు. కొడుకుకు అది పెద్ద విషయంగా తోచలేదు. "మరి బురదలకెళ్లి ఎట్ల బయటపడ్డది?" అన్నాడు.

రాత్రి నేనొక జవాబు రాసిపెట్టుకున్నాను. అది నోటిదాకా వచ్చింది. మంచి జవాబే.

"నాకు తెల్వదు బిడ్డా. అది చిన్నమ్మకే తెలుసు" అన్నాను. "ముందుగాల బల్మూర్‌కు ఫోన్ చెయ్యి. నిన్న అబద్ధం చెప్పినమని, ఆ అబద్ధం పెద్దమ్మ రాసిందని చెల్లెకు చెప్పు. అది లేచి వచ్చి కూసున్నంక, ముగ్గురూ చిన్నమ్మను అడగండి. నేను పక్కన కూసొని ఇంట."